వంశవృక్షంలో సిపాయి పేరు

తెలుగు ఇళ్లలో వంశవృక్షం రెండు రూపాల్లో నిలిచి ఉంది. ఒకటి కాగితం మీద గీసిన కొమ్మల పటం, మూలపురుషుడితో మొదలై కొడుకులూ మనవలూ మునిమనవలుగా కిందికి దిగేది. రెండోది నోటిమాటగా నడిచేది, తద్దినం నాడు గోత్రంతో సహా తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పి పిండం పెట్టే ఆచారంలో తరానికొక పేరు కొత్తగా చేరి, తరానికొక పేరు వెనక్కి జరిగిపోయేది. ఈ రెండింటిలోనూ మనిషికి చోటు దొరికేది ఎవరికి పుట్టాడు, ఎవరిని కన్నాడు అన్న లెక్క ప్రకారమే గాని, ఎక్కడికి వెళ్లాడు, ఏ పని చేశాడు, ఎక్కడ కన్నుమూశాడు అన్న సంగతులకు అక్కడ గడి లేదు. అందుచేత పద్దెనిమిదో ఏటనో ఇరవయ్యో ఏటనో పటాలంలో చేరి, పెళ్లి కాకుండానే పరాయి గడ్డ మీద ప్రాణం విడిచినవాడి పేరు పక్కన పాత పటాల్లో ఒకే ఒక మాట కనిపిస్తుంది: నిస్సంతు. సంతానం లేనివాడు అని దాని అర్థం; కొమ్మ అక్కడితో ఆగిపోయిందని చెప్పడానికి వంశవృక్షం రాసినవారు వాడిన మాట అది, కాని అతడు ఏ నదీతీరాన, ఏ యుద్ధంలో ఆగిపోయాడో ఆ మాట చెప్పదు.

1914లో ఇరవయ్యేళ్ల వయసులో సైన్యంలో చేరినవాడు నేడు డెబ్బై దాటినవారికి తాత వరుస, నలభై దాటినవారికి ముత్తాత వరుస అవుతాడు. అంటే మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన తరం మూడు పురుషాంతరాల అంచుకు చేరింది. మరొక తరం తద్దినం పెట్టే నాటికి ఆ పేర్లు మంత్రంలోనూ వినిపించవు. సైనికుల జ్ఞాపకాన్ని కుటుంబ చరిత్రలో పదిలపరచడం గురించి ఇప్పుడు మాట్లాడుకోవలసిన తొందర ఇందువల్లే వచ్చింది.

ఈ విషయంలో మొదట గమనించవలసినది ఒకటుంది. సర్కారు దగ్గర అంకె ఉంది, ఇంటి దగ్గర పేరు ఉంది, ఈ రెండూ నూరేళ్లుగా ఒకదాన్నొకటి కలుసుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటి వెళ్లగా, సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం ఇరవై అయిదు లక్షలకు పెరగగా, సుమారు 87,000 మంది మరణించారు. ఈ అంకెలు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. పేర్ల సంగతి వేరు. 1931లో ఆవిష్కరించిన ఢిల్లీ ఇండియా గేటు మీద చెక్కిన పేర్లు పదమూడు వేలకు కాస్త పైన మాత్రమే. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద, మెసపొటేమియా రంగంలో చనిపోయి సమాధి తెలియనివారి కోసం కట్టిన గోడల మీద, బ్రిటిష్ సైనికుల పేర్లూ భారతీయ అధికారుల పేర్లూ చెక్కి, సాధారణ భారతీయ సిపాయిలను మాత్రం రెజిమెంటు వారీగా ఇంతమంది అని సంఖ్యలో చూపారు. యుద్ధం తరువాత బ్రిటిష్ ఇండియా పల్లెల్లో ప్రభుత్వం నాటించిన రాతి పలకల తీరూ ఇదే: ఈ గ్రామం నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలు అర్పించారు అని రెండు అంకెలు ఉంటాయి, పేర్లు ఉండవు.

ఈ అసమానతను యుద్ధ సమాధులను సంరక్షించే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, అంటే 1917లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ, 2021లో తానే విచారించి ఒప్పుకుంది. కనీసం 1,16,000 మంది, బహుశా మూడున్నర లక్షల మంది దాకా, తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు దేశాలవారే ఎక్కువగా, పేరు పెట్టి స్మరించబడలేదనీ, కొందరు అసలు స్మరణకే నోచుకోలేదనీ ఆ నివేదిక తేల్చింది, సంస్థ క్షమాపణ చెప్పింది. ఇంగ్లండ్‌లో బ్రైటన్ దగ్గర గాయాలతో మరణించిన హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన చోట 1921లో ఛత్రి అనే పాలరాతి మండపం కట్టారు. అక్కడ దహనమైన 53 మంది పేర్లను రాతి మీద చెక్కించింది మాత్రం 2010లో. ఎనభై తొమ్మిదేళ్లు ఆ మండపం పేర్లు లేకుండానే నిలబడి ఉంది.

తెలుగువారికీ సైన్యానికీ ఉన్న బంధం ఈ యుద్ధాలకంటే చాలా పాతది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సిపాయిలను బెంగాలుకు తీసుకువెళ్లినప్పటి నుంచి ఉత్తర దేశంలో సిపాయిని తిలంగా అని పిలవడం మొదలైంది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లోనూ కంపెనీ సిపాయిలను తిలంగాలనే అన్నారు, ఆనాటికి ఆ సిపాయిల్లో అధికులు అవధ్, బీహారు వాసులే అయినా. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరైపోయిందంటే ఆ వృత్తిలో ఆ జాతివారు ఎంత ముందు నిలిచారో ఊహించవచ్చు. ఆ తరువాత, పంతొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో, కొన్ని జాతులే యుద్ధానికి పనికివస్తాయనే మార్షల్ రేసుల సిద్ధాంతం, అంటే వీరజాతుల వాదం, బ్రిటిష్ సేనాధిపతుల్లో బలపడి, మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ వచ్చింది. కార్నాటిక్ ఇన్‌ఫెంట్రీ పటాలాలు మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కొద్ది ఏళ్లకే రద్దయ్యాయి. రోడ్లు వేయడం, కందకాలు తవ్వడం వంటి పనులతో పాటు తుపాకీ కూడా పట్టే మద్రాసు పయనీర్లు 1933లో రద్దయ్యారు. 1780 నుంచి నడుస్తున్న మద్రాస్ సాపర్లు, అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళం, మాత్రం బెంగళూరు కేంద్రంగా నిలిచారు. మద్రాస్ రెజిమెంటును రెండవ ప్రపంచ యుద్ధం నడుమ మళ్లీ లేపవలసి వచ్చింది. ఈ రద్దుల చరిత్ర కుటుంబ పరిశోధకుడికి ఎందుకు ముఖ్యమంటే, తాత పనిచేసిన పటాలం పేరు నేటి సైన్యపు జాబితాలో కనిపించనంత మాత్రాన ఆ పటాలమే లేదనుకోవడం పొరపాటు కనుక.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు ఉంది; మిలటరీ మాధవరం అన్నా జనానికి తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్లారు, నేటికీ సైన్యంతో సంబంధం లేని ఇల్లు అక్కడ అరుదు. అలాంటి ఊళ్లో సైనిక జ్ఞాపకం ఊరి ఉమ్మడి ఆస్తి. కాని ఊరికి ఒక్కడుగానో ఇద్దరుగానో వెళ్లినచోట, ఆ ఒక్కడి సంగతి అతడి ఇంటివారు చెప్పుకోకపోతే చెప్పేవారు ఉండరు. హైదరాబాదు సంస్థానం సంగతి మరో తీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు, అంటే బల్లెం పట్టిన ఆశ్వికులు, మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో నిలిచిన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదుది. నగరంలో ఫస్ట్ లాన్సర్ అనే పేట పేరు ఆ వారసత్వాన్ని నేటికీ మోస్తున్నది.

ఇక ఇంట్లో మిగిలిన వస్తువుల దగ్గరకు రావాలి, ఎందుకంటే అంకెనూ పేరునూ కలిపే ముడి చాలాసార్లు అటక మీది ట్రంకు పెట్టెలోనే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకం రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. ఒక పక్క రాజు తల, మరో పక్క గుర్రం మీద మనిషి బొమ్మ ఉంటాయి. చూసేవారు ఆ బొమ్మలను చూసి పెట్టెలో పెట్టేస్తారు గాని, చదవవలసింది దాని అంచును. పతకాన్ని నిలువుగా పట్టుకుని, వెలుతురులో మెల్లగా తిప్పితే, ఆ సన్నని అంచు చుట్టూ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో సైనికుడి నంబరు, హోదా, పేరు, పటాలం పేరు పొట్టి అక్షరాలుగా చెక్కి ఉంటాయి; దుమ్మూ నూనె జిడ్డూ పేరుకుని కనిపించకపోతే మెత్తని గుడ్డతో తుడిచి భూతద్దంతో చూడాలి గాని, చింతపండుతో తోమకూడదు, తోమితే అక్షరాలు అరిగిపోతాయి. సైన్యం వెంట నడిచిన వంటవాళ్లకూ నీళ్లు మోసేవాళ్లకూ ఇదే పతకం కంచులో ఇచ్చారు కాబట్టి, కంచు బిళ్ల అని తీసిపారేయడం తగదు. చనిపోయినవారి కుటుంబాలకు అందిన మరో వస్తువు అరచేతికంటే పెద్దదైన గుండ్రని కంచు ఫలకం; దాని మీద మరణించినవాడి పేరు ఉంటుంది, హోదా ఉండదు. చావులో సుబేదారూ సిపాయీ ఒకటే అన్న ఆలోచనతో హోదాను కావాలనే వదిలేశారు.

కాగితాల్లో అన్నిటికంటే విలువైనది డిశ్చార్జి పుస్తకం, అంటే సైన్యం నుంచి విడుదలైనప్పుడు చేతికిచ్చే చిన్న పుస్తకం. అందులో చేరిన తేదీ, విడుదలైన తేదీ, పనిచేసిన రంగాలు, వచ్చిన పతకాలు, ప్రవర్తన ఎలాంటిదన్న మాట ఉంటాయి. ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. ఒక్క ఫొటో కూడా మిగలని మనిషి గురించి, ఎడమ దవడ మీద మచ్చ, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు వంటి ఒక గుమాస్తా రాత, అతడి మనవరాలికి అతడి ఒడ్డూ పొడుగూ తెలిపే ఏకైక ఆధారం కావచ్చు. రికార్డు ఆఫీసులో ఉండే షీట్ రోలు అనే పత్రంలో తండ్రి పేరు, ఊరు, తపాలా, పోలీసు ఠాణా, జిల్లా, దగ్గరి బంధువు పేరు నమోదు చేస్తారు. ఉద్యోగకాలంలో జరిగిన పెళ్లి, పుట్టిన పిల్లల పేర్లు, తేదీలు పార్ట్ టూ ఆర్డర్లు అనే అధికారిక ప్రకటనల ద్వారా అందులోకి ఎక్కుతాయి. జనన నమోదు సరిగా జరగని కాలంలో పుట్టిన పల్లెటూరి ఆడపిల్ల పుట్టినతేదీ పంచాయతీలో దొరకకపోయినా తండ్రి పటాలపు దస్త్రంలో దొరికే అవకాశం ఉందంటే, ఆ దస్త్రం ఎంత గొప్ప వంశపత్రమో తెలుస్తుంది.

స్వతంత్ర భారత సైన్యంలో పనిచేసినవారి దస్త్రాలు ఆయా విభాగాల రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. మద్రాస్ రెజిమెంటు కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్ల కేంద్రం బెంగళూరులో ఉన్నాయి. యంత్రాలను బాగుచేసే ఈఎంఈ విభాగం, ఆయుధాలూ సామగ్రీ సరఫరా చేసే ఆర్డినెన్స్ విభాగం రికార్డు ఆఫీసులు సికింద్రాబాదులోనే ఉన్నాయి. సైనికుడి నంబరు తెలిస్తే దారి సులువు, తెలియకపోతే గడ్డివాములో సూది వెతికినట్టే. అందుకే పెన్షను పుస్తకం, పాత మనియార్డరు రసీదు, కవరు మీది చిరునామా, ఏది దొరికినా దాని మీది అంకెలను ముందుగా రాసిపెట్టుకోవాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు మాజీ సైనికుల కుటుంబాలకు ఈ దరఖాస్తుల విషయంలో దారి చూపగలవు. ఉత్తరాల మీద 56 ఏపీఓ, 99 ఏపీఓ అని ఉంటే అవి ఊళ్లు కావు. పటాలం ఎక్కడుందో బయటికి తెలియకుండా ఉత్తరాలు నడిపించే సైనిక తపాలా చిరునామాలు.

పేర్లూ ఊళ్లూ సంవత్సరాలూ వెతికేవారిని తికమక పెడతాయి. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది, సైన్యపు గుమాస్తా దాన్ని కొన్నిసార్లు వదిలేశాడు, కొన్నిసార్లు ఒక్క అక్షరానికి కుదించాడు, కొన్నిసార్లు తండ్రి పేరే ఇంటిపేరుగా రాశాడు. వెంకటస్వామి అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా రాయవచ్చో అన్ని విధాలుగానూ వెతికితే తప్ప దొరకదు. జిల్లాల సంగతీ అంతే. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడకముందు మాధవరం ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది కాబట్టి, మొదటి యుద్ధపు దస్త్రంలో పశ్చిమ గోదావరి కోసం వెతికితే లాభం లేదు. తాత రంగం పోయాడు అన్న మాట కోస్తా ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. రంగం అంటే రంగూను, అక్కడి బియ్యపు మిల్లుల్లోనూ రేవులోనూ కూలికి వెళ్లిన తెలుగువారు వేలకు వేలు, కనుక ఆ ఒక్క మాటను బట్టి అతడు సిపాయి అని తేల్చరాదు.

సంవత్సరాలకు పెద్దల పంచాంగ జ్ఞానం గట్టి ఆసరా. ఆనంద నామ సంవత్సరంలో పటాలంలో చేరాడు అని ఒక ముసలమ్మ చెబితే అది 1914-15. కాళయుక్తిలో తిరిగొచ్చాడంటే 1918-19. చిత్రభానులో వెళ్లాడంటే 1942-43. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది గాని, మనిషి వయసును పక్కన పెట్టి చూస్తే ఆ పొరపాటుకు తావుండదు. విశాఖపట్నం మీద బాంబులు పడ్డ ఏడు అంటే 1942 ఏప్రిల్ 6 నాటి జపాను దాడి. రజాకార్ల కాలం అంటే 1948కి అటూ ఇటూ. ఇలాంటి గుర్తులను దస్త్రంలోని తేదీలతో సరిచూసినప్పుడు ముసలివారి మాట ఎంత కచ్చితంగా ఉంటుందో చూసి చదువుకున్నవారు ఆశ్చర్యపోతారు. అసలు ముందుగా వెళ్లవలసినది ఏ ఆఫీసుకో కాదు, ఇంట్లోని పెద్ద ముత్తయిదువ దగ్గరికి. దస్త్రం ఇంకో పదేళ్లు ఆగుతుంది, ఆమె ఆగకపోవచ్చు.

ఎవరిని సైనికుడిగా లెక్కించాలి అన్న ప్రశ్న దగ్గర కుటుంబాలు చిన్నచూపు చూడకూడదు. ఫాలోయర్లు అనే పేరుతో సైన్యం వెంట వెళ్లిన వంటవారు, చాకళ్లు, మంగళ్లు, చెప్పులు కుట్టేవారు, గాయపడినవారి మంచాలు మోసినవారు అవే తుపాకులకు ఎదురుగా నిలిచారు, అదే జ్వరాలతో చనిపోయారు. ఆజాద్ హింద్ ఫౌజులో చేరి, యుద్ధానంతరం ఉద్యోగమూ జీతమూ పోగొట్టుకున్నవారు ఉన్నారు. వారిని స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించి పెన్షను ఇచ్చింది 1972 పథకంతో. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలైన నౌకాదళ సమ్మెలో పాల్గొని కొలువు పోగొట్టుకున్న నావికులున్నారు. నిజాం సైన్యంలో ఉండి 1948 సెప్టెంబరులో భారత సైన్యానికి ఎదురు నిలిచిన వారూ ఉన్నారు. ఒకే వంశంలో తెల్లదొర కొలువులో పతకం తెచ్చినవాడూ, ఆ దొర మీదే తిరగబడినవాడూ అన్నదమ్ములై ఉండవచ్చు. కుటుంబ చరిత్ర ఇద్దరినీ ఉన్నది ఉన్నట్టు రాయాలి. వారిలో చాలామంది జీతం కోసం, కరవు తప్పించుకోవడానికి, తమ్ముళ్ల చదువు కోసం, చెల్లెళ్ల పెళ్లి కోసం పటాలంలో చేరారు. కడుపు కోసం వెళ్లారని రాయడం వారిని తక్కువ చేయడం కాదు, వారు ఇంటికి ఎంత పెట్టారో చెప్పడం. ఆ ఇంటిని నడిపిన భార్యల పేర్లు, నెలకొకసారి మనియార్డరు మీద వేలిముద్ర వేసి అత్తమామలనూ పిల్లలనూ సాకినవారి పేర్లు, అదే వరుసలో ఉండాలి.

చివరగా, ఆ నిస్సంతు అన్న మాట దగ్గరకు తిరిగి రావాలి. సంతానం లేకుండా పోయినవారిని మరచిపొమ్మని తెలుగువారి ఆచారం ఎప్పుడూ చెప్పలేదు. గయలోనూ పుష్కరాల్లోనూ కారుణ్య పితృదేవతలు అనే పేరుతో పినతండ్రులకూ అన్నదమ్ములకూ పిండం పెట్టే పద్ధతి ఉంది. పల్నాడులో కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారంపూడి వీరుల ఉత్సవాలకు వీరాచారవంతులు తమ ఇళ్లలో తరాలుగా దాచుకున్న ఆయుధాలను తెచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు. పన్నెండో శతాబ్దపు యుద్ధంలో పడిపోయినవారిని వారు నేటికీ తమ ఇంటి మనుషులుగానే పిలుచుకుంటారు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి నాడు పెద్దలకు కొత్త బట్టలు పెడతారు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన జనవరి 14ను మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు. అది సరిగ్గా ఆ పండుగ రోజుల్లోనే వస్తుంది, ఎక్కడెక్కడి పిల్లలూ ఊరికి చేరే రోజుల్లో. పెద్దలకు బట్టలు పెట్టే పీట దగ్గర వంశవృక్షపు కాగితం పరిచి, నిస్సంతు అని ఉన్నచోట ఆ మాటను అలాగే ఉంచి, దాని పక్కన అతడి నంబరు, పటాలం, వెళ్లిన ఏడు, ఆగిపోయిన చోటు, అతడి పేరు చెక్కిన గోడ ఎక్కడుందో ఆ సంగతి రాయడానికి ఒక పూట చాలు. ఒక పంచె ఎక్కువ కొనవలసి వస్తుంది.